సగటు మాస్టారు సైకిలెక్కిన వైనం

సగటు మాస్టారు విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం చెబుతారు. ఆ పేరు పిల్లలు పెట్టింది. పెట్టడంలో వాళ్ల తప్పేమీ లేదు. మనిషి ఎత్తు సగటు, లావు సగటు, బట్టతల కూడా నడినెత్తి దాకా వచ్చి, ఇక చాలన్నట్టు ఆగిపోయింది. ఆయన పాఠం వింటే నిద్ర రాదు, అలాగని నిద్రపోతున్నవాడు లేవడు. ఎవరైనా "బాగున్నారా మాస్టారూ?" అంటే "సగటున బాగానే ఉన్నానండీ" అంటారు. మొదటిసారి అన్నప్పుడు అది చమత్కారం. ఏళ్ల తరబడి అదే మాట అనేసరికి అది ఆయన అసలు పేరును మింగి కూర్చుంది.

ఇంట్లో ఆయనతో కలిపి ముగ్గురు. భార్య పళ్ల డాక్టరు. ఆవిడ నోరు తెరవమంటే ఊళ్లో ఎంతటివాడైనా తెరవాల్సిందే. ఇంట్లో మాత్రం ఆవిడ నోరు తెరిస్తే మాస్టారు మూసుకుంటారు. మూడో మనిషి అత్తగారు. ఆవిడ ఆడపిల్లల బడిలో ఆటల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలినా మెడలో ఈల వదల్లేదు. పాలు పొంగితే ఈల, ఫోను మోగితే ఈల, అల్లుడు తడి కాళ్లతో హాల్లోకి వస్తే రెండు ఈలలు.

ఇలా సాఫీగా సాగిపోతున్న సంసారంలోకి సుస్థిర అభివృద్ధి వచ్చిపడింది.

ఆ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరు ఒక మేడమ్. చురుకైన మనిషి. ఆవిడ ఆ ఏడు విదేశంలో జరిగిన ఒక పెద్ద సమావేశానికి వెళ్లొచ్చారు. నలుమూలల నుంచి విశ్వవిద్యాలయాల పెద్దలంతా అక్కడ కూడి, భూమిని, నీటిని, గాలిని రాబోయే తరాలకి మిగల్చడమెలాగో ఇకమీదట పాఠంగా చెప్పి ఊరుకోబోమని, తమ ప్రాంగణాల్లోనే చేసి చూపిస్తామని మాట ఇచ్చారు. ఆ ఊపులో మన వీసీ మేడమ్ లేచి, "వచ్చే సమావేశం మా దగ్గరే!" అని చెప్పి వచ్చేశారు. ఇంటికి నలుగుర్ని భోజనానికి పిలిచి, వంటింట్లోకి వెళ్లి చూసుకుంటే ఉప్పు కూడా లేనట్టయింది ఆవిడ పరిస్థితి.

వచ్చిన మర్నాడే అధ్యాపకులందర్నీ పిలిచారు. సమావేశం గదిలో కిటికీలన్నీ బిగించి, ఏసీ ఎంత చల్లగా పెట్టారంటే తత్త్వశాస్త్రం ఆయన మఫ్లరు చుట్టుకుని కూర్చున్నారు.

"మనం పిల్లలకి చెప్పేదొకటి, చేసేదొకటి," అన్నారు మేడమ్. "మన లైబ్రరీ కన్నా మన కార్ల షెడ్డు పెద్దది. ఎవరికైనా సిగ్గుగా ఉందా?"

ఎవరికీ ఉన్నట్టు లేదు. అందరూ చలికి ముడుచుకుని ఉండటంతో అది సిగ్గో కాదో తెలియలేదు.

"అతిథులు వచ్చే రోజు నుంచి ప్రాంగణంలోకి కార్లు రాకూడదు. ముందు గేటు నుంచి కొత్త సభామందిరం దాకా అతిథులు, పిల్లలు, మనం, అందరం సైకిళ్ల మీద ఊరేగింపు. ముందుండి నడిపించడానికి ఒక అధ్యాపకుడు కావాలి. ఎవరొస్తారు?"

తలలన్నీ ఒక్కసారిగా పైకప్పు కేసి లేచాయి. ఆ పైకప్పులో అంత అందం ఉందని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. సరిగ్గా ఆ సమయంలో, మాస్టారి పక్కన కూర్చున్న రసాయనశాస్త్రం హెడ్డు ఆయన చెవిలో, "సైకిళ్లయితే రేపట్నుంచి లేటుగా వస్తే పంక్చరు అనొచ్చోయ్" అన్నాడు. ఇద్దరూ చిన్నప్పట్నుంచి స్నేహితులు. మాస్టారికి నవ్వు ఆగలేదు.

"అదీ ఉత్సాహమంటే!" అన్నారు మేడమ్. "మాస్టారూ, మీరే నడిపిస్తున్నారు. సైకిలు వచ్చు కదా?"

మాస్టారి నవ్వు అక్కడితో ఆగింది. "సైకిలు రానివాళ్లెవరుంటారు మేడమ్?" అన్నారు.

అందులో అబద్ధం లేదు. సగటు మనిషికి సైకిలు వస్తుంది. రానిది సగటు మాస్టారికే. చిన్నతనంలో తోటిపిల్లలంతా సైకిళ్లు నేర్చుకుంటూ మోకాళ్లు చీరుకుపోయి ఇంటికి వస్తుంటే, ఆ మోకాళ్లు చూసి ఈయన పుస్తకం పట్టుకున్నారు. ఆ పుస్తకమే ఆయన్ని విశ్వవిద్యాలయం దాకా తెచ్చింది. ఇప్పుడు అదే విశ్వవిద్యాలయం ఆయన్ని సైకిలు దగ్గరికి తెచ్చింది.

క్లాసులో ఈ కబురు చెప్పి, సుస్థిర అభివృద్ధి అంటే ఏమిటో వివరించబోతే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "సుస్థిరమంటే కదలకుండా ఉండటమే కదా సార్? మీ క్లాసులో మేం రోజూ చేసేది అదే."

ఇంటికొచ్చి భార్యకి చెప్పారు. ఆవిడ విని, లేచి వెళ్లి ఆయన దవడ పట్టుకుని నోట్లోకి తొంగిచూసింది.

"ఏం చూస్తున్నావు?"

"ఇప్పుడున్నవి ఎన్నో చూసుకుంటున్నా. తర్వాత కట్టాల్సినవి తెలియాలి కదా."

ఈల మోగింది. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. "ఎంతమంది ఆడపిల్లలకి నేర్పాను నేను! అల్లుడుగారికి నేర్పలేనా? ఆదివారం నుంచి కింద సెల్లార్లో క్లాసు. నిక్కరు వేసుకు రండి."

"నిక్కరా అత్తయ్యగారూ!"

"పోనీ ప్యాంటుకి క్లిప్పులు పెట్టుకోండి. మర్యాద చూసుకుంటే చైనులో ఇరుక్కుంటుంది."

వాళ్లుండే భవనం అడుగున కార్లు పెట్టుకునే సెల్లారు ఉంది. ఆదివారం పగటిపూట సగం కార్లు బయటికి పోతాయి. స్తంభాల మధ్య కావలసినంత చోటు. ఎదురింటివాళ్ల అబ్బాయి పెద్దవాడై వదిలేసిన సైకిలొకటి దొరికింది. మాస్టారు ఎక్కి కూర్చున్నారు. అత్తగారు వెనక సీటు పట్టుకున్నారు.

"అల్లుడుగారూ, దయచేసి కాలు పైకెత్తండి."

"ఎత్తాను అత్తయ్యగారూ."

"రెండోది కూడా."

"రెండోదీ ఎత్తేస్తే నిలబడేదెలా అత్తయ్యగారూ?"

"నిలబడ్డానికి సైకిలెందుకండీ? గోడ ఉంది కదా. ముందు మీరు సుస్థిరంగా కూర్చోండి. అభివృద్ధి సంగతి తర్వాత చూద్దాం."

అసలు ఇబ్బంది సైకిలుతో కాదు, మర్యాదతో వచ్చింది. మాస్టారు ఒక పక్కకి ఒరుగుతుంటే అత్తగారు "అల్లుడుగారూ, తమరు కుడి వైపుకి ఒరుగుతున్నారండీ" అని పూర్తి చేసేలోపు ఆయన నేలమీద ఉండేవారు. ఈయన కూడా తొక్కలేక సైకిలు ఓడన్నట్టు, హ్యాండిలు వంకరుందని, సీటు ఎత్తుందని, స్తంభం అడ్డొచ్చిందని చెప్పేవారు. స్తంభం కట్టిననాటి నుంచి అక్కడే ఉందని అత్తగారు గుర్తుచేసేవారు. మెట్ల పైనుంచి చూస్తున్న భార్య ఒకనాడు ఉండబట్టలేక కేకేసింది.

"అమ్మా! కాస్త మర్యాద తగ్గించు. మనిషి దక్కుతాడు!"

ఆ రోజే అది జరిగింది. మాస్టారు ఎవరిదో కొత్త కారు కేసి సూటిగా పోతున్నారు. అత్తగారికి బడి మైదానం గుర్తొచ్చిందో, కారు ఖరీదు గుర్తొచ్చిందో, చేతిలో సీటు వదిలేసి గట్టిగా ఈల వేసి, "ఒరేయ్, తలెత్తి తొక్కరా!" అని అరిచారు.

మాస్టారు తలెత్తారు. తొక్కారు. కారు పక్కకి తప్పుకుపోయింది. స్తంభాలు ఒక్కొక్కటే దారిచ్చాయి. సెల్లారంతా ఒక చుట్టు చుట్టి వచ్చి అత్తగారి చేతుల్లో ఆగారు. ఇద్దరికీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి మొహమాటమైంది.

"ఏమనుకోకండి అల్లుడుగారూ. నోరు జారింది."

"జారనివ్వండి అత్తయ్యగారూ. అదే పనిచేస్తోంది."

అలా మాస్టారికి సైకిలు వచ్చింది. వచ్చిందంటే పోవడం వచ్చింది. ఆగడం రాలేదు. బ్రేకు ఉందని తెలుసు, ఎక్కడుందో తెలుసు, నొక్కితే ఏమవుతుందో కూడా తెలుసు. కానీ ఆగాల్సిన చోటు దగ్గరపడగానే చేతులు కొయ్యబారిపోయి, నోరు మాత్రం "అత్తయ్యగారూ!" అని కేక పెట్టేది. ఆవిడ పరిగెత్తుకొచ్చి పట్టుకునేవారు. బ్రేకు పాఠం వచ్చే ఆదివారం చెప్పుకుందామనుకున్నారు. ఆ ఆదివారం రాకముందే అతిథులు వచ్చేశారు.

ముందు గేటు ఆ పొద్దున పెళ్లికూతురిలా ఉంది. దారికి రెండు వైపులా అద్దెకి తెచ్చిన పూలకుండీలు. కొత్త సైకిళ్లు బారులు తీరి ఉన్నాయి. మంచు దేశం నుంచి వచ్చిన పొడుగాటి ప్రొఫెసరు, దీవుల దేశం నుంచి వచ్చిన, ఎప్పుడూ నవ్వుతుండే ఆవిడ, ఎడారి దేశం నుంచి వచ్చిన గడ్డం ఆయన, ఇంకా ఎక్కడెక్కడి వాళ్లో తలా ఒక సైకిలు పట్టుకుని చిన్నపిల్లల్లా గంటలు మోగిస్తున్నారు. వాళ్ల వెనక విద్యార్థులు. సభామందిరం మెట్ల మీద రిబ్బను, రిబ్బను వెనక వీసీ మేడమ్. అధ్యాపకుల్లో చాలామందికి ఆ రోజు హఠాత్తుగా నడుము నొప్పి వచ్చింది.

మాస్టారు ముందు నిలబడ్డారు. గేటు నుంచి సభామందిరం దాకా దారి మెల్లగా వాలుగా ఉంటుంది. ఇన్నేళ్లూ కార్లో వచ్చిపోతున్న మనిషికి ఆ వాలు ఎప్పుడూ తెలియలేదు. సైకిలెక్కిన మరుక్షణం తెలిసింది.

మొదట బాగానే ఉంది. మొహానికి గాలి తగులుతోంది. చెట్లు వెనక్కి పోతున్నాయి. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. ఇంత హాయైన పనికి ఇన్నేళ్లు ఎందుకు భయపడ్డానా అనుకున్నారు మాస్టారు. అంతలో సభామందిరం కనబడింది. మేడమ్ చిరునవ్వు కనబడింది. చేతులు కొయ్యబారాయి.

"అత్తయ్యగారూ!"

అది ఇక్కడి నినాదం కాబోలనుకున్నారు వెనక వస్తున్న అతిథులు. అన్ని ఖండాల గొంతులూ ఒక్కటై, "అత్తయ్యగారూ!" అని అందుకున్నాయి. విద్యార్థులకి అంతకన్నా కావలసిందేముంది? వాళ్లు ఇంకా గట్టిగా అందుకున్నారు. ఆ కేకల మధ్య మాస్టారు రిబ్బను పక్కనుంచి, మేడమ్ పక్కనుంచి రివ్వున దూసుకుపోయారు. మేడమ్ ఆయనకి నమస్కారం పెట్టబోయి, ఆయన వీపుకి పెట్టారు. నాయకుడు ఎటు పోతే ఊరేగింపు అటే కదా! మొత్తం సైకిళ్లన్నీ ఆయన వెంటే పోయాయి.

లైబ్రరీ దాటింది. హాస్టళ్లు దాటాయి. ఆ తర్వాత మాస్టారు ఎప్పుడూ చూడని దారి. ఆ చివర వెనక గేటు. మామూలుగా తాళం వేసి ఉంటుంది. అప్పుడే చెత్త ట్రాక్టరు బయటికి వెళ్లడంతో బార్లా తెరిచి ఉంది. మాస్టారు గేటు దాటి, ఒక మలుపు తిరిగి, ఎదురుగా ఉన్న గుట్టలోకి దూరిపోయి, వెల్లకిలా పడ్డారు.

దెబ్బ తగల్లేదు. గుట్ట మెత్తగా ఉంది. అవి హాస్టళ్లు ఏటా పారేసే పాత పరుపులు. వాటి పక్కన విరిగిన కుర్చీలు, నోళ్లు తెరిచిన కంప్యూటర్లు, నిరుడు జరిగిన 'పచ్చని ప్రాంగణం' వారోత్సవాల బ్యానర్లు. అవతలి పక్క వంటశాలల చెత్త కుప్ప సన్నగా పొగలు కక్కుతోంది. దాని కిందనుంచి ఒక కాలువ, రోజుకో రంగుతో పారే కాలువ, వీధి పొడుగునా ఇళ్ల గుమ్మాల ముందునుంచి పోతోంది. ప్రతి గుమ్మానికీ కాలువ మీద ఒక చెక్క. ఆ చెక్క మీదుగానే ఇంట్లోకి పోవాలి.

ఒక్కొక్క సైకిలే వచ్చి ఆగింది. గంటలు ఆగిపోయాయి. కొందరు ముక్కులకి రుమాళ్లు పెట్టుకున్నారు.

ఒక ఇంటి తలుపు తెరుచుకుంది. బయటికి వచ్చిన ఆవిడని చూసి మాస్టారు పరుపుల మీదే లేచి కూర్చున్నారు. క్యాంటీన్లో ఆయనకి రోజూ టీ ఇచ్చే మనిషి. పిల్లలంతా టీ అక్క అంటారు.

"మాస్టారూ, మీరా!" అందామె. తర్వాత ఆ జనాన్ని చూసింది. కళ్లు విప్పార్చుకుంది. "మా కాలువ సంగతి చూడ్డానికి ఇంతమందిని తీసుకొచ్చారా! నేను టీ పోసేటప్పుడు చెబుతుంటే 'చూద్దాంలేమ్మా' అనేవారు కదా, ఊరికే అంటున్నారనుకున్నా. రండి రండి, చెక్క మీద జాగ్రత్త. ఏవయ్యా, ఉన్న స్టూళ్లన్నీ బయట వెయ్యి!"

ఆమె భర్త పరుపులు కుట్టే పని చేస్తాడు. చేతిలో సూది చేతిలోనే పెట్టుకుని స్టూళ్లు తెచ్చాడు. మాస్టారు, బ్రేకు పడలేదమ్మా అని చెబుదామని నోరు తెరిచారు. ఆమె మొహంలో సంతోషం చూసి మూసేశారు. రోజూ ఆమె చేతి టీ తాగుతూ, ఆమె ఎక్కడుంటుందో ఒక్కనాడూ అడగలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పరుపు మెత్తగానే ఉంది గాని ఆయనకి కూర్చోబుద్ధి కాలేదు.

దీవుల ఆవిడ సైకిలు గోడకి ఆనించి, పొగలు కక్కుతున్న కుప్ప కేసి చూసి, ఒక్కసారి పెద్దగా నవ్వింది. "మాకూ ఇలాంటిదే ఉంది. ఇంతకన్నా పెద్దది. అతిథులొస్తే దాని ముందు జెండాలు కడతాం."

మంచు దేశం ఆయన గొంతు సవరించుకున్నాడు. "మాది మంచు కింద ఉంటుంది. అందుకే సమావేశాలు చలికాలంలో పెడతాం."

"మేం ఇసుక పోసేస్తాం," అన్నాడు గడ్డం ఆయన, గొంతు తగ్గించి.

దాంతో అందరికీ నోళ్లు తెరుచుకున్నాయి. మా దగ్గర ఇలా, మా దగ్గర అలా అని ఒకరిని మించి ఒకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. సభామందిరంలో చదవాలని తెచ్చుకున్న ఉపన్యాసాలు సంచుల్లోనే ఉండిపోయాయి. టీ అక్క అందరికీ టీ పెట్టింది. గ్లాసులు చాలక ఇరుగుపొరుగు ఇళ్లలోంచి తెప్పించింది.

కాసేపటికి హారను మోగింది. కార్లు లేని రోజున ప్రాంగణంలో తిరిగిన మొదటి కారు అది. అందులోంచి వీసీ మేడమ్ దిగారు. అతిథులు వీధిలో స్టూళ్ల మీద, పరుపుల మీద కూర్చుని టీ తాగుతున్నారు. ఆవిడ మొహంలో రంగులు మారాయి. కాలువే నయం. కానీ గట్టి మనిషి. ఒక్క నిమిషంలో సర్దుకుని, చెక్క దాటి వచ్చి, "నాకూ ఒక గ్లాసు ఇవ్వమ్మా" అని టీ అక్క పక్కన కూర్చున్నారు.

సాయంత్రం మాస్టారికి పిలుపు వచ్చింది.

"మీరు కావాలనే తీసుకెళ్లారు," అన్నారు మేడమ్.

"లేదు మేడమ్. నాకు బ్రేకు వెయ్యడం రాదు."

"నా దగ్గర కూడా దాపరికమా? మీ గుండె ధైర్యాన్ని ఆ మంచు దేశం ఆయన ఒకటే పొగుడుతున్నాడు."

"ఒట్టు మేడమ్. కావాలంటే మా అత్తగారిని అడగండి."

"అంటే ఇందులో మీ అత్తగారి చెయ్యి కూడా ఉందా!"

మాస్టారు ఇక ఆ ప్రయత్నం మానుకున్నారు. మేడమ్ బల్ల మీదున్న ఫైలు తెరిచారు. "నీళ్ల పరీక్షలన్నీ బాగున్నాయని మనం ప్రపంచానికి నివేదిక పంపాం కదా. ఆ కాలువ సంగతి అందులో ఎలా తప్పింది?"

"తప్పలేదు మేడమ్. తోటలో కుళాయి నీళ్లు, కాలువ నీళ్లు అన్నీ కలిపి సగటు తీశాం. తీసింది నేనే. ముందు గేటు దగ్గర మల్లెల వాసన, వెనక గేటు దగ్గర మురుగు వాసన. సగటు తీస్తే అసలు వాసనే లేదు."

మేడమ్‌కి కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. నవ్వి, నవ్వినందుకు కోపం తెచ్చుకుని, "అయితే వెనక గేటు బాధ్యత మీదే. సగటు తియ్యకుండా పనిచెయ్యండి" అన్నారు.

ఆ రోజు ఇంటికి వెళ్లి మాస్టారు భోజనం ముందు కూర్చుని చాలాసేపు కెలికారు. భార్య పన్ను నొప్పా అని అడిగింది. కాదన్నారు. "నేను ఆవిడతో చూద్దాంలే అన్నానుట. ఎన్నిసార్లన్నానో కూడా గుర్తులేదు," అన్నారు. ఆవిడ ఈసారి ఏమీ వెక్కిరించలేదు. "అయితే ఇప్పుడు చూడండి," అంది.

చూశారు. మరుసటి సెమిస్టరు నుంచి ఆయన క్లాసు వారానికి ఒకసారి వెనక గేటు దగ్గర జరిగింది. మొదటిరోజు విహారయాత్ర అనుకుని ఎక్కడెక్కడి పిల్లలో వచ్చారు. రెండోవారం చేతి తొడుగులు ఇచ్చేసరికి సగానికి సగం మాయమయ్యారు. మిగిలినవాళ్లు గట్టివాళ్లు. సుస్థిరమంటే కదలకుండా ఉండటమేగా అన్న అమ్మాయి అందరికన్నా ముందు కుప్పలో దిగింది. ఏ హాస్టల్లో ఎంత అన్నం పారేస్తున్నారో తూకం వేసి, ఆ సంఖ్యని అదే హాస్టలు గోడ మీద రాశారు. పక్క హాస్టలు సంఖ్య చిన్నదిగా ఉండేసరికి పౌరుషం వచ్చి పిల్లలు కంచాలు ఖాళీ చెయ్యడం మొదలుపెట్టారు.

అన్నీ అంత సులువుగా కాలేదు. వంటశాలల చెత్తని ఎరువు చేద్దామని గుంట తవ్విస్తే, అది ఎరువు కాకుండా పులిసి, ఊరంతా కంపు కొట్టింది. వీధివాళ్లు మాస్టారి మీదికి వచ్చారు. "పాత కంపుకి అలవాటు పడిపోయాం సార్. కొత్త కంపు ఎందుకు తెచ్చారు?" అన్నారు. మాస్టారు దీవుల ఆవిడకి ఫోను చేశారు. ఆవిడ అవతల పడీపడీ నవ్వి, తమ గుంట కూడా మొదట్లో అలాగే ఏడిపించిందని, తడి చెత్త మీద ఎండుటాకులు, రంపపు పొట్టు పొరలు పొరలుగా వెయ్యమని చెప్పింది. వేశారు. కంపు తగ్గింది. బదులుగా ఆవిడ పరుపుల సంగతి అడిగింది. ఇక్కడ టీ అక్క భర్త పాత పరుపులు విప్పి, బాగున్న దూదిని ఏకి, కొత్త గలేబుల్లో కుట్టి మళ్లీ హాస్టళ్లకే పంపుతున్నాడు. ఆయన కుడుతుంటే పిల్లలు వీడియో తీసి పంపారు. తెల్లారేసరికి ఆ వీడియో దీవుల్లోనూ, మంచులోనూ, ఎడారిలోనూ తిరిగింది. ఆయన మాత్రం అందులో తన బట్టతల మరీ మెరుస్తోందని, మళ్లీ తియ్యమని గొడవపెట్టాడు.

కార్లు లేని ప్రాంగణం మొదటి వాన దాకా నిలిచింది. ఆ తర్వాత వారానికి ఒకరోజుకి దిగింది. ఆ ఒక్కరోజూ తత్త్వశాస్త్రం ఆయన నడిచి వచ్చి, ఆ సాయంత్రం దాకా అందరికీ ఆ సంగతి చెప్పేవారు. మాస్టారు మాత్రం రోజూ సైకిలు మీదే వచ్చేవారు. అత్తగారు మిగిలిన పాఠం కూడా చెప్పేశారు. ఆ పాఠం మొత్తం "ఒరేయ్"లతోనే జరిగిందని పైవాటాలో వాళ్లు చెప్పుకుంటారు.

కాలువ సగం బాగుపడింది. హాస్టళ్ల నీళ్లని రెల్లు మొక్కలు పెంచిన మడుల్లోంచి పారించి వదులుతున్నారు. మిగిలింది రసాయనశాస్త్ర విభాగం. రంగులన్నీ అక్కడివే. మాస్టారు తిన్నగా స్నేహితుడి గదికి వెళ్లారు.

"నువ్వు లెక్కలు చెప్పుకోక నా సింకులో వేలెందుకు పెడతావోయ్?" అన్నాడు హెడ్డు.

"నీ సింకు టీ అక్క గుమ్మం ముందు తేలుతోంది కాబట్టి. నిన్న నీలం. మొన్న పసుపు. ఇవాళ ఏం రంగు వదులుతున్నావో చెబితే ఆవిడ ముగ్గేసుకుంటుంది."

హెడ్డుకి ఉక్రోషం వచ్చింది. ప్రయోగాలు మానెయ్యమంటావా అన్నాడు. మానక్కర్లేదు, నీళ్లు శుద్ధి చేసే తొట్టి ఒకటి కట్టుకో అన్నారు మాస్టారు. చోటు లేదన్నాడు. ఉందన్నారు. డబ్బు లేదన్నాడు. మేడమ్‌ని ఒప్పించానన్నారు. ఇక తప్పేట్టు లేదని, "సరే, భవనం వెనకాల ఎక్కడో మూల కట్టించు" అన్నాడు హెడ్డు.

"వెనకాల వద్దు. ఇదిగో, ఇక్కడ. నీ కిటికీ కింద."

"నా కిటికీ కిందా! తేడా వస్తే వాసన నాకే కదా కొట్టేది?"

"అందుకే."

ఇద్దరూ ఆ పూట మాటలు మానేశారు. మర్నాడు క్యాంటీన్లో టీ అక్క ఇద్దరి గ్లాసులూ ఒకే బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. హెడ్డు గ్లాసందుకుని, "ఎంత లోతు తవ్వాలంటావ్?" అన్నాడు.

తవ్వకం ఆ వారమే మొదలైంది. హెడ్డు పొద్దస్తమానం కిటికీలోంచి తల బయటపెట్టి, ఇంకా లోతు, ఇంకా వెడల్పు, ఆ మూల వంకర అని పనివాళ్ల ప్రాణాలు తోడేశాడు. చివరికి మేస్త్రీకి విసుగొచ్చి ఒక పార పైకెత్తి చూపించాడు. హెడ్డు కోటు విప్పి కుర్చీకి తగిలించి, మెట్లు దిగి వచ్చి గుంటలోకి దిగాడు. మాస్టారు తట్ట పట్టుకున్నారు. మట్టి గట్టిగా ఉంది. మధ్యాహ్నం దాకా తవ్వితే ఇంకో మోకాటి లోతు వచ్చింది.